రెట్ పక్కన 8

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, విద్యార్థులకు నమస్కారం. రివర్స్ ఇంజనీరింగ్‌ను, అంటే సోర్స్ కోడ్ లేని ప్రోగ్రాంని విప్పి లోపల ఏముందో చూడడాన్ని, పరిచయం చేయమన్నారు. ఆ పరిచయం మీకు వీడియోల్లోనూ దొరుకుతుంది. నేను కాలింగ్ కన్వెన్షన్ గురించే, అంటే ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు రెండూ పాటించే ఒప్పందం గురించే మాట్లాడతాను. దాన్ని వేరేవాళ్లు పట్టించుకోకపోతే ఒక అమ్మాయి నింద మోయడం కళ్లారా చూశాను.

ఒక ఆఫీసులో పాత 32 బిట్ బిల్లింగ్ ప్రోగ్రాం ఉండేది. సోర్స్ కోడ్ ఎప్పుడో పోయింది. పన్ను లెక్కగట్టే ఫంక్షన్ ఒక్కటి మార్చాలి. డీకంపైలర్, అంటే మెషిన్ కోడ్‌ని తిరిగి సీ కోడ్‌గా చూపే సాధనం, ఇచ్చిన కోడ్ తీసుకుని, పేరు ముందున్న ఎస్‌టీడీకాల్ అన్న మాట, అంటే కాలింగ్ కన్వెన్షన్ పేరు, వదిలేసి, కొత్త ఫంక్షన్ రాసి పాతదాని చోట తగిలించారు. పన్ను సరిగ్గానే వస్తోంది. ప్రింట్ కొట్టగానే ప్రోగ్రాం క్రాష్! ప్రింటింగ్ చూసేది ఆ జూనియర్ అమ్మాయి. అందరూ ఆమె మీద పడ్డారు.

ఆమె వాదించలేదు, డిస్అసెంబ్లీ, అంటే మెషిన్ కోడ్‌ని మనం చదవగలిగే ఆదేశాలుగా చూపే జాబితా, తెరిచింది. అందులో రెట్ అంటే పిలిచిన చోటికి తిరిగి వెళ్లమనే ఆదేశం. పాత ఫంక్షన్ చివర 'రెట్ 8' అని ఉంది. కొత్తదాని చివర ఉత్త 'రెట్'.

ఆ 8 ఏమిటో చూడండి. నాలుగేసి బైట్ల ఆర్గ్యుమెంట్లు రెండు, స్టాక్ మీద, అంటే విలువలను తాత్కాలికంగా పేర్చే మెమరీలో, పెట్టారు. పని అయ్యాక వాటిని తీసేదెవరు? బంతి లేచాక విస్తళ్లు ఎవరు ఎత్తాలో ముందే మాట్లాడుకున్నట్టు, ఇదీ ముందే ఒప్పుకోవాలి. సీడెక్ల్ అనే పద్ధతిలో పిలిచినవాళ్లు తీస్తారు, కాల్ తర్వాత 'యాడ్ ఈఎస్‌పీ, 8' కనిపిస్తుంది. ఈఎస్‌పీ అంటే స్టాక్ పైకొస ఎక్కడుందో చెప్పే రిజిస్టర్. ఎస్‌టీడీకాల్‌లో పిలిపించుకున్న ఫంక్షనే తీస్తుంది. ఇక్కడ ఇద్దరూ తీయలేదు. పిలిచిన ఫంక్షన్ చివర్లో ఈఎస్‌ఐ, ఈడీఐ రిజిస్టర్లను పాప్ చేస్తే, అంటే స్టాక్ పైనుంచి తిరిగి తీసుకుంటే, దాచుకున్న పాత విలువల బదులు ఆ మిగిలిపోయిన ఆర్గ్యుమెంట్లు వచ్చాయి. ఆ ఫంక్షన్‌కి స్టాక్‌లో తన భాగం ఎక్కడుందో ఈబీపీ అనే రిజిస్టర్ గుర్తుంచుకుంది కాబట్టి అది మాత్రం క్షేమంగా తిరిగొచ్చింది. దాన్ని పిలిచిన పైఫంక్షన్ ఆ చెత్త ఈఎస్‌ఐని పాయింటర్ అనుకుని ప్రింటింగ్‌కి అందించింది. వదిలేసిన ఆ మాట తిరిగి పెట్టగానే క్రాష్ ఆగిపోయింది. ఆమెకి క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నాకిప్పటికీ బాధే.

64 బిట్ గురించి చాలా రాసుకొచ్చాను, టైం లేదు. విండోస్‌లో మొదటి ఆర్గ్యుమెంట్ ఆర్‌సీఎక్స్ రిజిస్టర్‌లో, లినక్స్‌లో ఆర్‌డీఐ రిజిస్టర్‌లో వెళ్తుంది. ఇది గుర్తుంచుకోండి. కంపైలర్ ఆప్టిమైజేషన్‌లో సొంత పద్ధతి పెట్టుకుంటే ఐడా అనే డిస్అసెంబ్లర్ దాన్ని యూజర్‌కాల్ అని చూపిస్తుంది. అప్పుడు పిలిచే ఫంక్షన్‌కీ మన కొత్త ఫంక్షన్‌కీ మధ్యలో చిన్న అసెంబ్లీ ముక్క రాయక తప్పదు.

వెనక బెంచీల వాళ్లూ, మీకూ చెబుతున్నా. ఫంక్షన్‌ని మార్చే ముందు దాని రెట్ చూడండి, దాన్ని పిలిచిన చోటూ చూడండి. అధ్యాపకులకు నా విన్నపం: సెమిస్టర్‌లో ఒక్క డిస్అసెంబ్లీ ల్యాబ్ పెట్టండి. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2019లో విడుదల చేసిన గిడ్రా అనే రివర్స్ ఇంజనీరింగ్ సాధనం ఉచితమే, ఖర్చేం లేదు. ఈ సాయంత్రం ల్యాబ్ తెరుస్తామన్నారు, నేనూ ఉంటాను. ఒకే ఫంక్షన్‌ని రెండు పద్ధతుల్లో కంపైల్ చేసి చూద్దాం, రండి.