ఐదో మెట్టు కనపడుతోంది: పార్టీలు వేరైనా ఊరి గ్రూపు వదలకండి

[తెర మీద: రాత్రివేళ టార్చి వెలుతురులో తీసిన ఫోటో. రామాలయం మెట్లు, వాటి మీద ఎర్రటి బురద నీళ్లు.]

ఈ ఫోటో కింద ఉన్న మాటలు చదువుతాను. “రాత్రి 2.10. గుడి మెట్లు నాలుగు మునిగాయి. ఐదోది కనపడుతోంది. పడమటి వీధి వాళ్లు పశువుల్ని విప్పేయండి.”

2022 జూలై, గోదావరి వరద రోజులు. మాది వశిష్ఠ పాయలో ఒక లంక గ్రామం. ఈ సందేశం మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఒక పెద్దాయన. నేను ఓటు వేసే పార్టీని ఆయన రోజూ తెల్లవారకముందే తిట్టిపోస్తారు. ఆ రాత్రి మాత్రం గంట గంటకూ టార్చి పట్టుకుని గుడి దాకా వెళ్లి, మెట్లు లెక్కపెట్టి రాశారు.

నేను అవేవీ చూడలేదు. 2019 ఎన్నికల వేడిలో ఆయనతో మాటామాటా పెరిగి, నేను గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను.

హైదరాబాదులో టీవీ ముందు మేలుకునే ఉన్నాను. భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులు, ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు, అన్నీ నోటికి వచ్చేశాయి. అమ్మకు ఫోను కలవడం లేదు. పడమటి వీధిలో అమ్మ ఒక్కతే ఉంది. ఒక గేదె, దాని దూడ ఉన్నాయి. భద్రాచలం లెక్క తెలిసిన నాకు మా గుడి మెట్టు లెక్క తెలియలేదు.

అమ్మను పక్కింటివాళ్లు బడి మేడ మీదికి తీసుకెళ్లారు. గేదె దక్కింది. దూడ దక్కలేదు.

[వ్యాఖ్యాత కెమెరా వైపు తిరిగి.]

నమస్కారం. మన డెల్టాలో దాదాపు ప్రతి ఊరికీ ఇప్పుడు ఒక గ్రూపు ఉంది. ఊళ్లో ఉన్నవాళ్లు, కువైట్‌లో ఉన్నవాళ్లు, హైదరాబాదులో, అమెరికాలో ఉన్నవాళ్లు అందులోనే కలుసుకుంటారు. చాలామంది నాలాగే పార్టీ గొడవలతో విసిగి బయటికి వచ్చేస్తున్నారు. పార్టీలు వేరైనా ఆ గ్రూపులో ఎలా ఉండవచ్చో, ఎందుకు ఉండాలో ఈ వీడియోలో చెబుతాను.

[తెర మీద: గోదావరి పటం. భద్రాచలం నుంచి ధవళేశ్వరం, అక్కడి నుంచి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు.]

ముందు ఈ అంకెలు చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. క్యూసెక్కుల్లో చెప్పాలంటే సుమారు పది, పదమూడు, పదిహేడు లక్షలు. 2022 జూలైలో సముద్రంలోకి వదిలిన నీరు పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. భద్రాచలం దగ్గర మట్టం 71.3 అడుగులకు వెళ్లింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అక్కడ అంత ఎత్తు మళ్లీ అప్పుడే చూశారు.

ఈ లెక్కలు అధికారులు చక్కగా చెబుతారు, టీవీలు రోజంతా చూపిస్తాయి. కానీ మూడో హెచ్చరిక ఇచ్చాక మీ ఊళ్లో ముందు మునిగేది ఏ వీధి? కాజ్‌వే మీద నడుము లోతు ఎప్పుడు వస్తుంది? పడవ ఏ రేవుకు వస్తోంది? డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషి ఏ ఇంట్లో ఉన్నాడు? వీటికి జవాబు ఊరివాళ్ల దగ్గరే ఉంటుంది. ఊరివాళ్లంటే అన్ని పార్టీల వాళ్లూ. గట్టు పక్కన ఇల్లున్న మనిషి మీకు నచ్చని జెండా కట్టుకుని ఉండవచ్చు. గట్టు ఎలా ఉందో చెప్పగలిగేది మాత్రం ఆయనే.

[తెర మీద: గ్రూపు నియమాల సందేశం. “రాజకీయాలు నిషిద్ధం.”]

గొడవ ముదిరినప్పుడు అడ్మిన్లు ముందుగా పెట్టే నియమం ఇదే. ఉద్దేశం మంచిదే, కానీ ఇది నిలబడదు. మన ఊళ్లో రాజకీయం కానిది ఏముంది? మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించలేదంటే అది రాజకీయమే. బోదెకు చివరి పొలం దాకా నీరు రాలేదన్నా, ఇళ్ల స్థలం ఎవరికి వచ్చింది ఎవరికి రాలేదన్నా రాజకీయమే. 2011 సార్వాలో, అంటే ఖరీఫ్ పంటకాలంలో, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర లేదనీ, మురుగు దిగక చేలు మునుగుతున్నాయనీ వాళ్ల బాధ. అది రాజకీయం కాదని ఎవరనగలరు? ఈ మాటలన్నీ నిషేధిస్తే గ్రూపులో శుభోదయాలు, పుట్టినరోజు కేకులు మాత్రమే మిగులుతాయి. వరద వచ్చిన రోజున అందులోకి తొంగిచూసేవాడు ఉండడు.

అందుకే మా ఊళ్లో నియమం మార్చుకున్నాం. ఒకటే వాక్యం: “మన ఊరిది, మీరు చూసింది, మీ మాటల్లో.”

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. “ఈ ప్రభుత్వం డెల్టాను ముంచేసింది” అన్న పోస్టరు ఎవరో హైదరాబాదులో తయారుచేసి వదిలారు. మన గ్రూపులో అది ఎవరు పెట్టినా మిగతావాళ్లకు చేయడానికి పని ఏమీ ఉండదు, తిట్టుకోవడం తప్ప. అదే మనిషి “మా చేను పక్క మురుగు కాలువలో తూము పూడిపోయింది, మూడు రోజులుగా నారుమడి నీళ్లలో ఉంది” అని ఫోటో పెడితే? ఆయనకు ప్రభుత్వం మీద కోపం అలాగే ఉండవచ్చు, ఆ కోపం మాటలోనే తెలుస్తుంది కూడా. కానీ ఇప్పుడు అవతలి పార్టీవాడు కూడా ఆ తూము దగ్గరికి వెళ్లి చూడగలడు. అవునో కాదో చెప్పగలడు. తన చేను కూడా అదే నీళ్లలో ఉంటే, మర్నాడు కాలువ ఆఫీసుకు ఇద్దరూ ఒకే బండి మీద వెళ్తారు. నేను ఇది కళ్లారా చూశాను.

ఒక సంగతి గుర్తు చేస్తాను. మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. 2021 ఫిబ్రవరిలో సర్పంచులను ఎన్నుకున్నప్పుడు బ్యాలెట్ పత్రం మీద ఏ పార్టీ గుర్తూ లేదు. పార్టీలు వెనక ఉండి నడిపిస్తాయని అందరికీ తెలుసు. అయినా ఊరి పని చూసేచోట జెండా ముందుకు రాకూడదన్న ఆలోచన ఆ చట్టంలో ఉంది. గ్రూపుకు కూడా అది సరిపోతుందని నా నమ్మకం.

[తెర మీద: ఫోను తెర. ఒక సందేశం పైన రెండు బాణాల గుర్తు.]

ఇక ఫార్వర్డుల సంగతి. ఒక సందేశం పైన రెండు బాణాలు కలిసి కనబడితే, అది అప్పటికే కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 నుంచి అలాంటి సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలం. ఆ గుర్తు ఉందంటే అది అబద్ధం అని కాదు. రాసినవాడు మన మధ్య లేడని, అడిగితే జవాబు చెప్పేవాడు లేడని మాత్రం అర్థం.

డెల్టాలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఫార్వర్డు “ఏటిగట్టుకు గండి పడింది” అన్నది. పాత వరదల ఫోటోలు ప్రతి ఏడూ కొత్తవై తిరుగుతాయి. గండి మాట వింటే ముసలివాళ్లు చీకట్లో నీళ్లలోకి దిగుతారు, కారు ఉన్నవాళ్లు రోడ్డు మీద ఇరుక్కుంటారు. కాబట్టి గండి అన్న మాట రాసేవారు మూడు సంగతులు చెప్పి తీరాలి: ఏ చోట, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు. అవి లేకపోతే అడ్మిన్ వెంటనే తొలగించాలి. ఏ సభ్యుడి సందేశాన్నయినా అందరికీ కనబడకుండా తీసేసే వీలు అడ్మిన్లకు 2022 నుంచే ఉంది. ప్రాణాలకు సంబంధించిన అబద్ధాన్ని మాత్రం అందరి ముందే ఖండించాలి, మొహమాటపడకూడదు.

మిగతా అబద్ధాలకు ఇంకో దారి ఉంది. ఫోను చేయండి. నాలుగు వందల మంది ముందు “మీరు పెట్టింది తప్పు” అంటే ఏ మనిషీ వెనక్కి తగ్గడు. పరువు అడ్డం వస్తుంది. “మావయ్యగారూ, మీరు పెట్టిన ఫోటోలో గట్టు మనది కాదండి, మన గట్టు మీద కొబ్బరి చెట్లుంటాయి కదా, అందులో తాడిచెట్లున్నాయి” అని విడిగా చెబితే, తనంతట తానే తీసేస్తారు. నేను ఆ పెద్దాయనకు 2019లో చేయాల్సిన పని ఇదే. నేను చేసింది వేరు. ఆయన పెట్టిన పోస్టరుకు నాలుగు పోస్టర్లు పెట్టాను. ఆయన వయసు గురించి ఒక మాట రాశాను. ఇప్పటికీ అది గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

[తెర మీద: నల్లటి తెర. కాసేపు నిశ్శబ్దం.]

కోనసీమ వాళ్లకు ఇంకో జ్ఞాపకం ఉంది. 2022 మే 24న అమలాపురంలో, జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడం మీద జరిగిన ఆందోళన హింసకు దారితీసింది. ఇళ్లకు నిప్పు పెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లలు సిగ్నలు కోసం గోదావరి ఒడ్డుకు వెళ్లి కూర్చున్నారు. రెండు నెలలు తిరగకముందే వరద వచ్చింది. మేలో ఒకరి ముఖం ఒకరు చూడని వీధులవాళ్లు జూలైలో ఒకే పునరావాస కేంద్రంలో, ఒకే వరుసలో కూర్చుని భోజనం చేశారు.

దీన్ని దాటవేసి మాట్లాడలేను. మన దగ్గర పార్టీ గొడవ కింద చాలాసార్లు కులం ఉంటుంది. ఊరి గ్రూపు అని పేరు పెట్టుకుని, అందులో నాలుగు వీధులవాళ్లే ఉండి, దళితులుండే పేటవాళ్లు ఒక్కరూ లేకపోతే అది ఊరి గ్రూపు కాదు. వరద నీరు పల్లానికి పోతుంది. చాలా ఊళ్లలో పల్లంలో ఉన్నది పేటే. ముందు మునిగేవాళ్ల మాట గ్రూపులో వినబడకపోతే, మెట్లు లెక్కపెట్టి ఏమి లాభం? మీ గ్రూపు సభ్యుల జాబితా ఈ రాత్రే ఒకసారి చూడండి. ఏ పేట లేదో, ఎవరిని అడిగితే వస్తారో ఆలోచించండి. అడ్మిన్లలో కూడా రెండు పార్టీల వాళ్లు, పేట నుంచి ఒకరు, ఆడవాళ్లలో ఒకరు ఉండాలి. స్వయం సహాయక సంఘాల అక్కలు ఇందుకు అందరికంటే సరిపోతారు. ఏ ఇంట్లో ఎవరున్నారో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అయితే ఒక హద్దు ఉంది. కులం పేరుతో దూషించడం, ఆడపిల్లల గురించి నీచంగా రాయడం అభిప్రాయ భేదాలు కావు. అలాంటివి భరిస్తూ గ్రూపులో ఉండమని నేను ఎవరికీ చెప్పను. వాటిని రాసినవాణ్ణి తీసేయాలి, నొచ్చుకున్నవాళ్లు వెళ్లిపోయే పరిస్థితి రాకూడదు.

[తెర మీద: గ్రూపు సెట్టింగుల పేజీ.]

అడ్మిన్లకు రెండు మాటలు. “ఎవరో ఏదో పెడితే నన్ను జైల్లో వేస్తారు” అని చాలామంది భయపడతారు. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు, సభ్యుడు పెట్టినదానికి కేవలం అడ్మిన్ అయిన కారణంగా ఎవరినీ బాధ్యుణ్ణి చేయలేమని చెప్పాయి. తాను కూడా అందులో చేయి కలిపితే సంగతి వేరు. ఆ భయంతోనే కొందరు గ్రూపును “అడ్మిన్లు మాత్రమే” అన్న సెట్టింగులో పెట్టి ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు. పోలింగుకు ముందు నాలుగు రోజులు అలా పెట్టుకోండి, తప్పులేదు. ఎప్పటికీ అలాగే ఉంచితే మాత్రం అరుగు మీద మైకు కట్టినట్టే. మాట్లాడేది ఒక్కడే అవుతాడు. రాత్రి రెండు గంటలకు మెట్లు చూసిన మనిషి అడ్మిన్ కాకపోతే, ఆ సంగతి రాయడానికి ఆయనకు చోటే ఉండదు.

విసుగు పుట్టినవాళ్లు బయటికి వెళ్లకండి, మ్యూట్ చేయండి. జూన్ నుంచి అక్టోబరు దాకా మాత్రం ఆ మ్యూట్ తీసేయండి.

[తెర మీద: పగటి వెలుగులో రామాలయం మెట్లు. మెట్ల పక్కన గోడ మీద తెల్ల సున్నంతో వేసిన అంకెలు, ఒకటి నుంచి ఏడు.]

ఆ వరద తగ్గాక ఊరికి వెళ్లాను. ఆ పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని తడిసిన ధాన్యం ఆరబోయిస్తున్నారు. నేను రాసిన మాటకు క్షమాపణ అడిగాను. ఆయన దాని గురించి ఏమీ అనలేదు. “దూడ పోయిందటగా” అన్నారు. “నువ్వు గ్రూపులో ఉండి ఉంటే నీకే నేరుగా రాసేవాణ్ణి. మీ అమ్మ ఫోను చిన్న ఫోను, అందులో ఇవి రావు” అన్నారు. తర్వాత తన ఫోను తీసి, కళ్లజోడు సరిచేసుకుని, నా పేరు వెతికి గ్రూపులో చేర్చారు.

మర్నాడు తెల్లవారుజామున ఆయన దగ్గర నుంచి మొదటి సందేశం వచ్చింది. నేను ఓటు వేసే పార్టీ మీద పోస్టరు, పైన రెండు బాణాలు. ఫోను చేశాను. అరగంట మాట్లాడుకున్నాం. ఆయన పార్టీ మారలేదు, నేనూ మారలేదు. గోడ మీద ఈ సున్నం అంకెలు మాత్రం ఆ నెలలోనే ఇద్దరం కలిసి వేశాం, మెట్టు చీకట్లో మునిగినా అంకె కనబడాలని.

[తెర మీద: ఫోను తెర. అక్షరాలు ఒక్కొక్కటిగా కనబడతాయి.]

“ఉదయం 6.05. ఒకటో అంకె తడిసింది.”

“చూశాను మావయ్యగారూ. గేదెను విప్పమని అమ్మకు చెప్పాను.”