బరువైన రైఫిల్‌కు ఊతకర్రలు: రంపానికి ముందు టేపు

సభాసదులందరికీ నమస్కారం.

ఐదారు కిలోల రైఫిల్‌ను భుజానికి ఆనించి గురి చూసినవారికి ఒక సంగతి అనుభవమే. మొదటి రెండు మూడు ఊపిరుల దాకా గురి నిలుస్తుంది. ఆ తరువాత ఎడమ చేయి సన్నగా వణకడం మొదలై, తుపాకి మొన లక్ష్యం చుట్టూ సున్నాలు చుడుతుంది. కండరం మోసే బరువు ఏదైనా ఇంతే, కాసేపటికి అలసట రాక తప్పదు. ఆ బరువును చేతి నుంచి తప్పించి నేరుగా నేలకు దించడమే కత్తెరలా కలిపి నిలిపే రెండు ఊతకర్రల పని. అందుకని వాటిని రైఫిల్‌ను బట్టి కాక, దాన్ని పట్టుకుని కూర్చునే మనిషిని బట్టి చేసుకోవాలని, రంపం పట్టడానికి ముందు టేపు పట్టాలని చెప్పడానికే నేను ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

ఈ ఆలోచన పాతదే. 16వ శతాబ్దపు యూరప్‌లో తొలినాటి మస్కెట్లు ఎనిమిది తొమ్మిది కిలోల దాకా తూగేవి కాబట్టి, సిపాయి తుపాకితో పాటు ఒక పంగలకర్రను కూడా మోసుకు తిరిగేవాడు. 17వ శతాబ్దంలో తుపాకులు తేలికపడ్డాక ఆ కర్ర సైన్యాల నుంచి తప్పుకుంది. టిబెట్‌లో వత్తి తుపాకులకు జింకజాతి జంతువుల కొమ్ములను రెండు కాళ్లుగా అమర్చి, వాడనప్పుడు మడిచిపెట్టేవారు. మనం ఇప్పుడు చెప్పుకుంటున్న కత్తెర ఆకారపు కర్రలకు పేరు తెచ్చినవారు మాత్రం 1870ల నాటి అమెరికా మైదానాల అడవిదున్నల వేటగాళ్లు. ఐదు నుంచి ఏడు కిలోల షార్ప్స్ రైఫిల్‌తో ఒకేచోట చాలాసేపు కూర్చుని కాల్చవలసి రావడంతో వారు రెండు గట్టి కర్రలను తోలుపట్టీతో కట్టి వాడారు. ఆ వేట దున్నలను దాదాపు తుడిచిపెట్టింది. పనిముట్టు మాత్రం మిగిలింది. పాతకాలపు నల్ల తుపాకిమందు తూటాలతో ఇనుప జంతు బొమ్మలను కాల్చే నేటి సిల్హౌట్ పోటీల్లో 300, 385, 500 మీటర్ల దూరంలోని ఇనుప పందిని, టర్కీ కోడిని, పొట్టేలును ఈ కర్రల ఊతతోనే కాలుస్తారు. 200 మీటర్ల దగ్గరి కోడి బొమ్మను మాత్రం నిలబడి, ఏ ఊతమూ లేకుండా కాల్చాలి; ఊతం విలువ తెలియాలంటే ఆ ఒక్క వరుస చాలునని నా అభిప్రాయం.

ఇక కొలత. ముందుగా రైఫిల్‌లో తూటా లేదని ఇద్దరు మనుషులు విడివిడిగా, కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి. కొలతలు తీసే చోట తూటాలే ఉండకూడదు. మీరు ఎలా కూర్చుని కాలుస్తారో అలాగే నేల మీద కూర్చుని, రైఫిల్‌ను భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని రెండు ఊపిరులు తీసి, కళ్లు తెరవండి. అప్పుడు మెడ వంచకుండా, భుజం ఎగరేయకుండా గురి కంటికి అందాలి. గొట్టం కింది కొయ్య, అంటే ఫోరెండ్, అడుగు నుంచి నేల దాకా ఉన్న ఎత్తును మరొకరు కొలవాలి. మొదటిసారి అందరూ ఫోటోకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటారు, కాబట్టి ఆ అంకెను నమ్మకుండా మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోవడం మంచిది.

ఆ ఎత్తు 72 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. చాలామంది రెండు కర్రలను కలిపే బోల్టును సరిగ్గా ఆ ఎత్తులో బిగించి తప్పు చేస్తారు. రైఫిల్ ఆ బోల్టు మీద కూర్చోదు. రెండు కర్రలు విడివడుతున్న పంగలో, తన వెడల్పు ఎక్కడ ఇరుక్కుంటుందో అక్కడ కూర్చుంటుంది. కర్రల మధ్య కోణం 40 డిగ్రీలు, ఫోరెండ్ వెడల్పు ఐదు సెంటీమీటర్లు అయితే అది బోల్టుకు సుమారు ఎనిమిది సెంటీమీటర్ల పైన ఆగుతుంది. అంటే బోల్టు 64 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఏటవాలుగా నిలిచే కర్ర తన పొడవులో 94 శాతం ఎత్తునే ఇస్తుంది కనుక, బోల్టు కింది భాగం 68 సెంటీమీటర్లు కావాలి. బోల్టుకు పైన పంగగా విడివడే కొమ్ములకు 17, పొరపాట్లకు మరో ఐదు కలిపితే మొత్తం 90. ఆ ఐదును అడుగున ఉంచి, ఒకపూట వాడి చూశాక కోసుకోవచ్చు. పొట్టిగా కోసిన కర్రను పొడిగించే విద్య ఇంకా ఎవరికీ పట్టుబడలేదు. కాళ్లను 60 డిగ్రీల దాకా ఎడం చేస్తే రైఫిల్ ఏడెనిమిది సెంటీమీటర్లు కిందికి దిగుతుంది కాబట్టి, ఎగుడుదిగుడు నేల మీద ఎత్తు సవరించుకోవడానికి ఇదే సులువైన మార్గం.

కర్ర విషయంలో నేను దెబ్బతిని నేర్చుకున్నాను. నా మొదటి జతను చీపురుకు వేసే గుండ్రటి కర్రలతో చేశాను. చూడటానికి నున్నగా ఉన్నా, ఒకదానిలో నార ఈ పక్క నుంచి ఆ పక్కకు ఏటవాలుగా పోయింది. కాల్చినంతసేపూ అది బాగానే ఉంది. పని ముగించి, ఖాళీ రైఫిల్‌ను ఒక చేత పట్టుకుని, లేవడానికి కర్రల మీద ఆనగానే బోల్టు బెజ్జం దగ్గర పేడులా చీలింది. రైఫిల్ మొన మీద గురి చూసే ములుకు రాతికి కొట్టుకుని వంగింది. కాబట్టి చేవ ఉన్న, నార చివరి నుంచి చివరి దాకా తిన్నగా సాగిన గట్టి కర్రనే ఎంచుకోండి. మందం 20 మిల్లీమీటర్ల నుంచి 25కు పెంచితే బరువు ఒకటిన్నర రెట్లకు కాస్త మించుతుంది, కానీ వంగకుండా నిలిచే బిగువు దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. బరువైన రైఫిల్‌కు ఈ బేరం లాభమే. వెదురు కూడా చక్కగా పనికొస్తుంది గాని, బెజ్జానికి అటూ ఇటూ జిగురు పూసిన దారంతో బిగించి చుట్టకపోతే నిలువునా చీలుతుంది.

రెండు కర్రలనూ కలిపి బిగించి, ముందు మూడు మిల్లీమీటర్ల బెజ్జం వేసి, తరువాత దాన్ని ఆరుకు పెంచి, ఆరు మిల్లీమీటర్ల బోల్టు దూర్చాలి. కర్రల మధ్య ఒక తోలు వాషరు, బయట రెండు పక్కలా వెడల్పాటి ఇనుప వాషర్లు, చివర నైలాన్ పట్టు ఉన్న నట్టు ఉండాలి. మామూలు నట్టు తుపాకి వెనుతన్ను అదురుకు వదులవుతుంది. వేలితో తోస్తే కదలాలి, తనంత తాను జారకూడదు. బిగువుకు అంతకు మించిన లెక్క లేదు.

పంగలో తోలును నునుపు వైపు పైకి వచ్చేలా అతికించండి. రైఫిల్ వెనక్కి తన్నేటప్పుడు సాఫీగా జారాలి, ఎక్కడా తట్టుకోకూడదు. రైఫిల్‌ను భుజానికి తగిలించుకునే పట్టీ కొక్కెం పంగకు దగ్గరగా ఉంటే దాన్ని తీసేయడం మేలు. రైఫిల్‌ను ప్రతిసారీ ఒకే చోట ఆనించాలి. కాల్చినప్పుడు గొట్టం కంపిస్తుంది కనుక, ఆనిన చోటు మారితే గుండు తగిలే చోటూ మారుతుంది. ఫోరెండ్ మీద చిన్న రంగు పట్టీ అంటించుకుంటే చీకాకు ఉండదు. కాళ్లకు మెత్తటి నేల మీద ఇనుప ములుకులు, రాతి నేల మీద రబ్బరు తొడుగులు వాడుకోవాలి.

రెండు కాళ్ల ఊతం పక్కలకు ఊగనివ్వదు గాని, ముందుకూ వెనక్కూ పడకుండా ఆపేది మీ ఎడమ చేయే. ఆ చేత్తో కర్రలు కలిసే చోటును పట్టుకుని మెల్లగా మీ వైపు లాగి ఉంచాలి. మూడో కాలు చేరిస్తే ఆ శ్రమ తప్పుతుంది, నిలబడి కాల్చడానికి అదే తగినది. కానీ మోత బరువు పెరుగుతుంది, ఎత్తు సవరించడమూ ఆలస్యమవుతుంది. కూర్చుని కాల్చేవారికి రెండే చాలు.

అవిసె నూనె పట్టించి ఆరబెట్టాక, రైఫిల్ పెట్టడానికి ముందు ఒక పరీక్ష చేయండి. కాళ్లు 40 డిగ్రీల ఎడంలో ఆగేలా అడుగున తాడు కట్టి, కర్రలు పడిపోకుండా గోడకు ఆనించి, రైఫిల్ బరువుకు రెట్టింపు ఇసుక సంచిని పంగలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున సంచి తీసి, బెజ్జం చుట్టూ గోరుతో గీసి చూడండి. గోరుకు సన్నటి చీలిక తగిలితే ఆ కర్రను పక్కన పడేసి మరొకటి కోసుకోండి.