గాలి తేటపడ్డాక కూడా తువ్వాలు విప్పకండి, అసలు తువ్వాలే చాలదు

నమస్తే అండీ. గ్రైండర్‌తో రాయి కోస్తుంటే పక్క మనిషి కనపడనంత తెల్లటి దుమ్ము లేస్తుంది. మిషన్ ఆపిన కాసేపటికి గాలి తేటపడుతుంది. పనివాళ్లు మూతికి కట్టిన తువ్వాలు విప్పేది అప్పుడే. నా భయమంతా ఆ సమయం గురించే.

కంటికి కనపడే దుమ్ము చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. దగ్గితే, చీదితే వచ్చేస్తుంది. కనపడనిది వేరు. గ్రానైట్, ఇసుకరాయి, కాంక్రీటు, ఇటుక, అన్నిట్లోనూ సిలికా అనే ఖనిజం ఉంటుంది, ఇసుకలో ఉండేదే. వాటిని కోసినా, తొలిచినా వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని రేణువులు పుడతాయి. అవి గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. తువ్వాలు వాటిని ఆపలేదు. ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల దాకా వెళ్లిపోతాయి. అక్కడ చెత్తను మింగి శుభ్రం చేసే కణాలుంటాయి. అవి ఈ రేణువును మింగుతాయి గానీ అరిగించుకోలేక చచ్చిపోతాయి. రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది. అలా జరిగిన చోటల్లా మచ్చ కడుతుంది, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. ఇదే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. పని మానేసినా ముదురుతూ పోవచ్చు. సాధారణంగా పదేళ్లు దాటాక బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే నెలల్లోనే.

అమెరికాలో 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల షిఫ్టులో సగటున ఒక ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించి ఈ సిలికా ఉండకూడదు. అంటే దాదాపు ఒక సన్న ఉప్పు రేణువు బరువు. అందుకే "దుమ్ము పెద్దగా లేదులే" అని కంటితో చూసి చెప్పే మాటను నేను నమ్మను.

ఇది తెలియక జరుగుతున్నది కూడా కాదు. అదే అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్ దగ్గర 1930లో కొండలో సొరంగం మొదలుపెట్టారు. నీళ్లు పోస్తూ తొలిస్తే పని నెమ్మదిస్తుందని పొడిగానే తొలిపించారు. వందల మంది కూలీలు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతివాళ్లు. నీళ్లు! అంత చిన్న విషయం.

ఈ రోజుకీ మొదటి రక్షణ ఆ నీళ్లే. బ్లేడు రాయిని తాకే చోట నీళ్లు ఆగకుండా పడాలి. ముందు ఒక చెంబు గుమ్మరించి కోయడం లెక్కలోకి రాదు. కింద చేరిన బురదను తడి ఉండగానే ఎత్తేయాలి, ఎండితే అది మళ్లీ దుమ్మే. నీళ్లు కుదరని చోట పుట్టిన దుమ్మును పుట్టినట్టే లాగేసే వాక్యూమ్ మిషన్‌కి ఉండాలి. పొడి చీపురుతో ఊడ్వడం, ఎయిర్ పైపుతో బట్టలు దులుపుకోవడం ఆపేయాలి. మాస్క్ వీటన్నిటి తర్వాతే. ఎన్-95 లాంటిదైనా ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. "మాస్కులు ఇచ్చేశాం కదా" అని చేతులు దులుపుకునే యజమానులూ, మీరు చివర చేయాల్సింది ముందు చేసి ఆగిపోయారు.

వంటింటి గట్లకి వేసే కృత్రిమ రాయి మరీ దారుణం. కొన్ని రకాల్లో సిలికా 90 శాతం పైనే. వాటిని కోసిన కుర్రవాళ్లు జబ్బుపడుతుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది.

ఏళ్ల తరబడి ఈ పని చేసినవాళ్లు ఇది చూస్తుంటే, ఒక్క మాట, అన్నా. దగ్గు, ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించుకోండి. సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ తేలిగ్గా అంటుకుంటుంది. ఒక్కోసారి సిలికోసిస్‌నే టీబీ అనుకుని మందులు వాడిస్తారు. కాబట్టి డాక్టర్ దగ్గర కూర్చోగానే, ఆయన అడగకపోయినా, "నేను ఇన్నేళ్లు రాయి కోశానండీ" అని ముందు చెప్పండి.