1కి 1 నుంచి 1కి 28 దాకా: కెన్యా షిల్లింగ్, ఉగాండా షిల్లింగ్ కథ

[స్క్రీన్ మీద: రెండు దేశాల నోట్లు పక్కపక్కన]

హాయ్ అండి, ఈ మధ్య రేట్లు చూస్తే కెన్యా షిల్లింగ్ ఒక్కటిస్తే ఉగాండా షిల్లింగులు 28 దాకా వస్తున్నాయి. ఇది చూసి చాలామంది అనేస్తారు, ఓహో ఉగాండా డబ్బు అంత వీక్ అన్నమాట, అని. కానీ 1966లో ఈ రెండూ సరిగ్గా సమానం. మధ్యలో ఏం జరిగిందో చూస్తే ఆ 28 అనే నంబర్ రెండు రకాలుగా మోసం చేస్తోందని అర్థమవుతుంది.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. మొంబాసా నుంచి బ్రిటిష్ వాళ్ళు రైల్వే లైన్ వేసినప్పుడు కూలీల్ని ఎక్కువగా ఇండియా నుంచే తెచ్చారు, అప్పట్లో అక్కడ నడిచింది కూడా మన రూపాయే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెండి రేటు పెరిగి పౌండ్ లెక్కలో రూపాయి విలువ ఎక్కువైపోయింది, రూపాయల్లో అప్పులున్న తెల్ల రైతులు గోల మొదలుపెట్టారు, దాంతో 1920లో ఫ్లోరిన్ అని కొత్త కరెన్సీ ఒకటి తెచ్చారు, ఏడాది తిరక్కుండానే దాన్నీ పక్కనపెట్టి 1921లో ఈస్ట్ ఆఫ్రికన్ షిల్లింగ్ పెట్టారు. 20 షిల్లింగులు ఒక పౌండ్. కెన్యా, ఉగాండా, టాంగన్యీకా (ఇప్పటి టాంజానియాలో ప్రధాన భాగం), అందరికీ అదే.

స్వాతంత్ర్యం వచ్చాక ముగ్గురూ కలిసి ఒకే సెంట్రల్ బ్యాంక్ పెట్టుకోవాలన్న మాట కుదరలేదు, 1966లో ఎవరి బ్యాంక్ వాళ్ళది, ఎవరి నోట్లు వాళ్ళవి. పేరు మాత్రం షిల్లింగే. రేటు డాలర్‌కి 7.14, ముగ్గురికీ అంతే.

[స్క్రీన్ మీద: 1966, 1 = 1]

ఇక 1971 జనవరి, ఉగాండాలో ఈదీ అమీన్ అనే ఆర్మీ కమాండర్ మిలిటరీ కుట్రతో గద్దెక్కాడు. మరుసటి ఏడాది ఆసియా వాళ్ళందరికీ 90 రోజుల గడువిచ్చి వెళ్ళిపొమ్మన్నాడు, షాపులూ ఫ్యాక్టరీలూ నడిపేది ఎక్కువగా వాళ్ళే కదా, అవి నడపడం తెలియని వాళ్ళ చేతుల్లో పడ్డాయి, సరుకు దొరకదు, గవర్నమెంట్ ఖర్చు మాత్రం తగ్గదు, నోట్లు అచ్చు వేస్తూ పోయారు. కానీ ఆఫీషియల్ రేటు? అది డాలర్‌కి 7, 8 దగ్గరే కూర్చుంది! బయట బ్లాక్ మార్కెట్‌లో వేరే రేటు, ఆ వ్యాపారాన్ని అక్కడ మగెండో అంటారు.

ఇక్కడే కాఫీ వస్తుంది. 1975లో బ్రెజిల్‌లో మంచు పడి కాఫీ తోటలు దెబ్బతిన్నాయి, ప్రపంచమంతా కాఫీ రేటు ఆకాశానికి. ఉగాండా రైతుకి మాత్రం గవర్నమెంట్ బోర్డు ఇచ్చేది ఆ పనికిరాని షిల్లింగుల్లో కొంచెం. పక్కనే బోర్డర్ దాటితే కెన్యా షిల్లింగులు. రైతు ఏం చేస్తాడు చెప్పండి? చెప్‌కుబే అనే బోర్డర్ సంత ఆ స్మగ్లింగ్ కాఫీకే ఫేమస్ అయిపోయింది. అంటే కాగితం మీద రెండూ దాదాపు సమానమే, రైతుకి మాత్రం తెలుసు ఏది డబ్బో ఏది కాదో.

1979లో అమీన్‌ని గద్దె దించేశారు. 1981లో అప్పటి ప్రెసిడెంట్ ఒబోటే షిల్లింగ్‌ని మార్కెట్ రేటుకి వదిలేస్తే డాలర్‌కి 8 ఉన్నది ఒక్క దెబ్బకి 80 దగ్గరికి వెళ్ళింది. నా ఉద్దేశంలో అది ఆరోజు పడిపోవడం కాదు, ఎప్పుడో పడిపోయినదాన్ని ఆరోజు ఒప్పుకోవడం. తర్వాత యుద్ధం, ఇంకా నోట్లు, 1987కి ఆఫీషియల్ రేటే 1400.

[స్క్రీన్ మీద: 100 పాతవి = 1 కొత్తది]

1987 మేలో ప్రెసిడెంట్ ముసెవెనీ గవర్నమెంట్ రెండు సున్నాలు కొట్టేసింది. 100 పాత షిల్లింగులిస్తే ఒక కొత్తది, పైగా మార్చుకున్నందుకు 30 శాతం కోత. ఒకాయన దగ్గర లక్ష ఉందనుకోండి, వెయ్యి రావాలి, చేతికొచ్చేది 700. డాలర్ రేటు 60 కొత్తవి అని పెట్టారు, అదీ నిలబడలేదు, 1990కి 430 దాకా వచ్చింది. అప్పుడు కెన్యాది డాలర్‌కి 23. భాగించండి, 1కి 19 దాకా.

మొదటి మోసం ఇదే. ఇవాళ్టి 28ని 1966తో పోల్చాలంటే ఆ కొట్టేసిన సున్నాలు మళ్ళీ పెట్టాలి. 1కి 28 కాదు, 1కి 2800 పాత షిల్లింగులు.

రెండో మోసం దీనికి రివర్స్. 1990లో 19, ఇప్పుడు 28. ముప్పై ఏళ్ళు దాటినా జరిగింది అంతే! కెన్యా కూడా ఏం తక్కువ తినలేదు, 1992 ఎలక్షన్‌ల టైంలో నోట్లు గుమ్మరించడం, లేని బంగారాన్ని ఎగుమతి చేసినట్టు చూపించి గవర్నమెంట్ డబ్బు మింగిన గోల్డెన్‌బర్గ్ స్కామ్, ఇవన్నీ కలిసి 1992 చివర్లో డాలర్‌కి 36 ఉన్నది 1993 చివరికి 68. ఉగాండా ఆ లోపు 1990లోనే ప్రైవేట్ ఫారెక్స్ బ్యూరోలకి, అంటే విదేశీ డబ్బు మార్చే షాపులకి, పర్మిషన్ ఇచ్చేసి, దొంగ రేటూ అసలు రేటూ దగ్గరికి తెచ్చుకుంది.

ఇంకా దగ్గర్లో చూడండి. 2024 జూన్‌లో కెన్యా 2 బిలియన్ డాలర్ల యూరోబాండ్, అంటే విదేశీ ఇన్వెస్టర్ల దగ్గర డాలర్లలో తీసుకున్న అప్పు, కట్టాలి, కడుతుందా ఎగ్గొడుతుందా అని అందరికీ భయం, 2024 జనవరికి డాలర్ 160 దాకా పోయింది. ఉగాండా షిల్లింగ్ మాత్రం 3700, 3800 మధ్యే పెద్దగా కదల్లేదు. అప్పుడు 1కి 24కి పడింది. ఫిబ్రవరిలో కెన్యా కొత్త బాండ్ అమ్మి పాత అప్పులో చాలావరకు ముందే తీర్చేసరికి కొన్ని వారాల్లోనే డాలర్ 130 దగ్గరికి దిగింది, అలా మళ్ళీ 29 దగ్గరికి. ఈ ఊగడమంతా కెన్యా వైపు నుంచే, పెద్ద నంబర్ ఉన్న ఉగాండా వైపు నుంచి కాదు.

ఇప్పుడు ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీ, అంటే ఆ ప్రాంతం దేశాల కూటమి వాళ్ళు మళ్ళీ ఒకే కరెన్సీ అంటున్నారు. 2013లో కంపాలాలో సంతకాలు పెట్టి 2024కల్లా అన్నారు, ఆ గడువు దాటిపోయింది, ఇప్పుడు 2031 అంటున్నారు. టాంజానియా షిల్లింగ్ సంగతి ఇందులో పట్టలేదు, అది ఇంకో వీడియోకి సరిపోయే కథ, కావాలంటే కామెంట్‌లో అడగండి.