యాక్టివ్ డైరెక్టరీలో యూజర్ పేరు మార్చితే ఏం మారుతుంది, ఏం మారదు? రివ్యూ

అందరికీ నమస్తే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిందనో, చేరినప్పుడే స్పెల్లింగ్ తప్పు పడిందనో ఆఫీసులో సిస్టమ్స్ చూసేవాళ్లకి టికెట్లు వస్తూనే ఉంటాయి. ఆఫీసు కంప్యూటర్లలో లాగిన్ అయ్యే వాళ్లందరి అకౌంట్లను ఒకేచోట నడిపే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ యాక్టివ్ డైరెక్టరీ. అందులో ఉన్న రీనేమ్ సౌకర్యం ఆ పనికి ఎంతవరకు సరిపోతుందో ఈరోజు చూద్దాం.

ముందు నా అనుభవం చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మేడమ్ పాత అకౌంట్ డిలీట్ చేసి, కొత్త పేరుతో ఇంకోటి పెట్టేశాను. మర్నాడు ఆవిడ లాగిన్ అయితే డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది. షేర్డ్ ఫోల్డర్ తెరిస్తే యాక్సెస్ డినైడ్. అది నెలాఖరు. ఆవిడ పడిన టెన్షన్ నాకింకా గుర్తుంది.

ఎందుకలా అయింది? విండోస్ పర్మిషన్లు ఇచ్చేది పేరుకు కాదు, ఎస్‌ఐడీ అనే నంబరుకు. కొత్త అకౌంట్ పెడితే, పేరు అచ్చంగా పాతదే అయినా సరే, నంబరు కొత్తది. రీనేమ్ చేస్తే మాత్రం ఆ నంబరు కదలదు. గ్రూపులు, పర్మిషన్లు, పాస్‌వర్డ్ అన్నీ అలాగే ఉంటాయి. అందుకే దయచేసి డిలీట్ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్ అనే టూల్‌లో పేరు మీద రైట్ క్లిక్, రీనేమ్, కొత్త పేరు కొట్టి ఎంటర్. చిన్న విండో వచ్చింది కదా, ఇది నాకు బాగా నచ్చింది. ఫుల్ నేమ్, ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్, డిస్‌ప్లే నేమ్, లాగిన్ అయ్యేటప్పుడు కొట్టే లాగాన్ నేమ్ అన్నీ ఒకేచోట అడుగుతుంది. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డిస్‌ప్లే నేమ్ ఒక్కటే మారిస్తే ఈ లిస్టులో పాత పేరే కనిపిస్తుంది, చాలామంది అక్కడే తికమకపడతారు. అన్నిటికన్నా కింద ప్రీ విండోస్ 2000 లాగాన్ నేమ్, అంటే పాత పద్ధతి లాగాన్ నేమ్ ఉంది, దానికి 20 అక్షరాలే హద్దు. వెంకటసుబ్రహ్మణ్యం అని ఇంగ్లీషులో రాస్తేనే 19 అయిపోతాయి. ఇంక ఇంటిపేరుకు చోటెక్కడ? మన పేర్లకి ఇది నిజంగా ఇబ్బందే.

పవర్‌షెల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసి పని చేసేవాళ్లకి ఒక మాట. రీనేమ్ ఏడీ ఆబ్జెక్ట్ కమాండ్ లాగాన్ నేమ్‌ని ముట్టుకోదు, దానికి సెట్ ఏడీ యూజర్ విడిగా ఇవ్వాలి.

రీనేమ్ చేయని పనులూ ఉన్నాయి. సీ డ్రైవ్ యూజర్స్‌లో పేరు మారిన మేడమ్ ఫోల్డర్ పాత పేరుతోనే ఉండిపోతుంది. చూడ్డానికి బాగాలేదని దాన్ని చేత్తో మార్చకండి. విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో, ఎవరి ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే ప్రొఫైల్‌లిస్ట్ ఇంకా పాత దారినే చూపిస్తుంది కాబట్టి ఫైళ్లన్నీ పోయినట్టే కనిపిస్తాయి. మెయిల్ అడ్రస్ కూడా దానంతటదే మారుతుందనుకోవద్దు. అకౌంట్‌కి ఉన్న మెయిల్ అడ్రస్‌లన్నీ ఉండే ప్రాక్సీ అడ్రసెస్‌లో కొత్తదాని ముందు ఎస్‌ఎంటీపీ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో (అదే ముఖ్యమైన అడ్రస్ అని గుర్తు), పాతదాని ముందు చిన్న అక్షరాల్లో ఉంచండి. పాత అడ్రస్‌కి రాసేవాళ్ల మెయిల్స్ కూడా ఆవిడకే చేరతాయి.

వేరే ఊళ్లో బ్రాంచి ఉంటే ఇంకొంచెం ఓపిక పట్టాలి. సైట్ల మధ్య రెప్లికేషన్, అంటే ఒక ఊరి సర్వర్‌లో చేసిన మార్పు ఇంకో ఊరి సర్వర్‌కి చేరడం, డిఫాల్ట్‌గా 180 నిమిషాలకోసారి. అందుకే నేను ఈ పని సాయంత్రమే చేస్తాను. మేడమ్‌ని లాగాఫ్ అయి వెళ్లమంటాను, మర్నాడు ఏ పేరుతో లాగిన్ అవ్వాలో కాగితం మీద రాసిస్తాను. పాస్‌వర్డ్ పాతదేనని కూడా అందులోనే రాస్తాను, ఎందుకంటే పొద్దున్నే వచ్చే మొదటి ఫోన్ దాని గురించే.