డెనిస్ లా: లెక్కలోకి రాని ఆరు గోల్స్, వద్దనుకున్న ఒక్క గోల్

[తెరపై: పాత ఫుటేజ్. ఓల్డ్ ట్రాఫోర్డ్, 1974 ఏప్రిల్ 27]

ఈ మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి చూడండి. గోల్ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. బంతి వచ్చింది, మడమతో వెనక్కి తట్టాడు. గోల్! తోటివాళ్లు వచ్చి మీద పడుతున్నారు. ఈయన మొహంలో మాత్రం నవ్వు లేదు. కాసేపటికే మైదానం వదిలి వెళ్లిపోయాడు.

ఎందుకంటే ఎదురుగా ఉన్నది మాంచెస్టర్ యునైటెడ్. ఈయన పదకొండేళ్లు ఆడిన జట్టు. అభిమానులు 'ది కింగ్' అని పిలుచుకున్న చోటు.

[తెరపై: అబర్డీన్ రేవు]

డెనిస్ లా 1940లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో, చేపల వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. బక్కపలచని ఒళ్లు, మెల్లకన్ను, కళ్లద్దాలు. ఈ పిల్లాడు గోల్స్ కొట్టే స్ట్రైకర్ అవుతాడంటే ఎవరు నమ్ముతారు? హడర్స్‌ఫీల్డ్ టౌన్ క్లబ్ నమ్మింది. కంటి ఆపరేషన్ అయ్యాక, 16 ఏళ్లకే లీగ్‌లోకి దిగాడు. 18 ఏళ్లకు స్కాట్లాండ్ జెర్సీ వేసుకున్నాడు.

1960లో మాంచెస్టర్ సిటీ 55,000 పౌండ్లు పెట్టి కొంది. అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు.

నాకు బాగా ఇష్టమైన కథ ఇక్కడే ఉంది. 1961 జనవరి, ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్, లూటన్ క్లబ్‌తో మ్యాచ్. సిటీ 0-2తో వెనకబడింది. అప్పుడు లా మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... మొత్తం ఆరు గోల్స్! 6-2. ఈలోగా వాన దంచికొట్టి మైదానం చెరువైపోయింది. 69వ నిమిషంలో రిఫరీ ఆట ఆపేశాడు. మ్యాచ్ రద్దు, ఆరు గోల్సూ గల్లంతు. మళ్లీ ఆడితే సిటీ 1-3తో ఓడింది. ఆ ఒక్క గోల్ ఎవరిదంటారు? లాదే. పాపం!

ఆ తర్వాత ఇటలీలో టొరీనో క్లబ్, ఒక కారు ప్రమాదం, ఒకే సీజన్. అక్కడి ఆట ఆయనకు పడలేదు.

[తెరపై: ఎర్ర జెర్సీ, చొక్కా చేతుల అంచులు గుప్పిట్లో, ఒక చెయ్యి పైకి]

1962లో 115,000 పౌండ్లకు యునైటెడ్ తెచ్చుకుంది. 1963-64లో ఒక్క సీజన్‌లోనే 46 గోల్స్. 1964లో యూరప్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డీ'ఓర్. స్కాట్లాండ్ నుంచి ఆ అవార్డు అందుకున్నది ఈయనొక్కడే. రెండు లీగ్ టైటిళ్లు. యునైటెడ్‌కు మొత్తం 404 మ్యాచుల్లో 237 గోల్స్. అయితే 1968లో యునైటెడ్ యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపియన్ కప్ గెలిచిన రోజున మోకాలి గాయం వల్ల ఆడలేకపోయాడు. 1973లో క్లబ్ వదిలేస్తే మళ్లీ సిటీకే వెళ్లాడు.

అక్కడి నుంచే ఆ మడమ గోల్. దాంతోనే యునైటెడ్ కింది డివిజన్‌కు పడిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజం కాదు. కింద పడకుండా యునైటెడ్‌తో పోటీలో ఉన్న బర్మింగ్‌హామ్ అదే రోజు గెలిచింది కాబట్టి ఆ గోల్ పడకపోయినా యునైటెడ్ దిగిపోయేదే. లెక్క ఇలా ఉన్నా, లా మనసు కుదుటపడలేదు. ఆ గోల్ వేయకపోయి ఉంటే బావుండేదన్నట్టే తర్వాత మాట్లాడాడు.

ఆ వేసవిలో, 34 ఏళ్ల వయసులో, జైర్‌ (ఇప్పటి కాంగో) మీద తన మొదటి, ఆఖరి ప్రపంచకప్ మ్యాచ్ ఆడాడు. గోల్ పడలేదు. దేశానికి 55 మ్యాచుల్లో 30 గోల్స్ దగ్గర ఆగాడు. తర్వాత మరో స్కాట్లాండ్ ఆటగాడు కెన్నీ డాల్గ్లిష్ కూడా సరిగ్గా 30 దగ్గరే ఆగాడు, కాకపోతే 102 మ్యాచుల్లో.