ఎర్రచెలకలో సైకిల్ జంప్ కట్టడం ఎలా?

నమస్తే. నల్గొండ దగ్గర, ఇంటి వెనక ఉన్న ఈ చెలకలో ఇవాళ ఒక మట్టి జంప్ కడుతున్నాం. దీన్ని టేబుల్‌టాప్ అంటారు. ఎక్కే వాలు, పైన చదును, దిగే వాలు, మూడూ కలిసే ఉంటాయి, మధ్యలో గుంత ఉండదు. స్పీడ్ చాలక దగ్గర్లోనే దిగినా చక్రం చదును మీదే ఆనుతుంది. అందుకే కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇదే కట్టివ్వండి.

ముందు జాగా. మన దిక్కు చేన్లలో గోడ లేని బావులు ఇంకా ఉన్నాయి. దిగే వైపు బావి, ముళ్లకంచె, కరెంటు స్తంభం ఏది ఉన్నా అక్కడ కట్టొద్దు. దిగినంక ఆగడానికి కనీసం 40 అడుగుల ఖాళీ ఉండాలి.

ఇక మట్టి. అసలు పని అంతా ఇక్కడే ఉంది. నల్లరేగడి ఎండకు నెర్రెలు బారుతుంది, వానకు ఉబ్బి టైర్లకు అంటుకుంటుంది. ఎర్రచెలక మట్టి మంచిదే, కానీ ఇసుక పాలు ఎక్కువుంటే అంచు రాలిపోతుంది. ఎండాకాలం పొలాలకు తోలే చెరువు మట్టి కొంచెం కలిపితే పట్టు వస్తుంది. మొరం మాత్రం పైపొరలో వేయకండి, గులక రాళ్ల మీద చక్రం జారుతుంది. తడి సరిపోయిందా? పిడికెడు మట్టి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. రెండు మూడు ముక్కలైతే సరిగ్గా ఉన్నట్టు. పొడిగా చెదిరితే నీళ్లు చల్లండి, చపాతీలా అతుక్కుంటే ఆరనివ్వండి.

చాలామంది ఓపికంతా ఎక్కే వాలు మీదే పెట్టి, మిగిలిన మట్టితో దిగే వైపు ఏదో కుప్ప పోస్తారు. మనిషి బరువంతా పడేది అక్కడే కదా! కాబట్టి దిగే వాలే ముందు కడదాం. ఎత్తు 2 అడుగులు, పొడవు 6, వెడల్పు 6. దానికి ముందు 5 అడుగుల చదును. ఎక్కే వాలు 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు చాలు. దాని వంపు ఎక్కడా విరగకూడదు. 13 అడుగుల తాడు ఒక కొస కదలకుండా పట్టి, రెండో కొసకు సుద్దముక్క కట్టి, ప్లైవుడ్ మీద వంపు గీసి కోసుకోండి. కడుతూ ఆ చెక్కను ఆనించి చూస్తే ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి.

మట్టి ఒకేసారి పోయొద్దు. అర అడుగు పోయడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతో కొట్టడం. మడమతో తొక్కితే గుంట పడనంత గట్టిపడ్డాకే ఇంకో పొర. కొమ్మలు, చెత్త లోపల వేస్తే కుళ్లి జంప్ కుంగుతుంది. పూర్తయ్యాక తడి గోనెసంచులు కప్పి నెమ్మదిగా ఆరనివ్వండి. ఎక్కే వాలు మొదట్లో వాన నీళ్లు నిలవకుండా పక్కకు చిన్న కాలువ తీయండి.

హెల్మెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకండి. రెండు బ్రేకులు చూడండి, సీటు దించండి. మొదట ఎగరకుండా మెల్లగా దాటించండి. పెడల్స్ రెండూ సమంగా ఉంచి, మోకాళ్లు కొంచెం వంచి నిలబడాలి. హ్యాండిల్‌ను పైకి గుంజొద్దు, వంపే లేపుతుంది. అలా భయం పోయాకే స్పీడ్ కొంచెం కొంచెం పెంచాలి.

వాన పడ్డ రోజు తొక్కకండి, చాళ్లు పడతాయి. పైతడి ఆరి లోపల చెమ్మ ఉండగానే ఆ చాళ్లు పూడ్చి దిమ్మిస వేయండి.